వస్త్రార్థం అక్షతాన్

పూజలో పదహారు ఉపచారాలుంటే చలపతిరావుకి ఒంటబట్టింది ఒక్క ముక్క. ఏ ఉపచారానికైనా సరుకు లేకపోతే, దాని బదులు నాలుగు అక్షతలు వేసి దణ్ణం పెట్టుకోవచ్చు. పట్టుబట్ట లేదా? "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి." నగ లేదా? "ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి." లేనివాడు చిన్నబుచ్చుకోకుండా పెద్దలు పెట్టిన వెసులుబాటది. ముసునూరు నుంచి రెడ్డిగూడెం దాకా మామిడితోటల్ని పూతమీదే కొనేసే ఈ మహానుభావుడు దాన్ని తన సొంతానికి రాయించుకున్నాడు.

చిన్నరసాల బుట్టలు నడవనిండా ఉన్నా, ఆ ఇంట్లో నైవేద్యానికి వచ్చేది గాలికి రాలి ఓ పక్క నల్లబడిన కాయే. అదీ నివేదన కాగానే ఆయన నోట్లోకే పోయేది. కాయలు కోసే పరదేశి దసరాకి పంచె అడిగితే, "వంగరా" అని నెత్తిన అక్షతలు చల్లాడు.

"గింజలు చుట్టుకుని తిరగమంటారాండీ?" అని దులుపుకుంటూ పోయాడు పరదేశి. లోపల వింటున్న భార్య సుబ్బాయమ్మకి తల కొట్టేసినట్టయింది.

ఆవిడ బాధ వేరే ఉంది. రెండేళ్ల కిందట, స్వరాజ్యం వచ్చిన ఏడు, చలపతిరావు టైఫాయిడ్‌తో మంచం పట్టాడు. డాక్టరు పెదవి విరిచాడు. సుబ్బాయమ్మ తడిబట్టతో అమ్మవారి గుడికి పోయి, "తల్లీ, నా పసుపుకుంకుమలు నిలబెట్టు, నీకు జరీ పట్టుచీర కడతాను" అని మొక్కుకుంది. మనిషి లేచి కూర్చున్నాడు. లేచాక మొక్కు సంగతి చెబితే ఏమన్నాడు?

"చీరెందుకే? గుడి శాస్త్రిగారు అక్షతాన్ అంటే సరిపోతుంది. ఆవిడేమన్నా పేరంటాలకి వెళ్లాలా?"

ఛీ, ఏం మనిషి! రెండు దసరాలు అలాగే గడిచాయి. ఆయన కాస్త దగ్గితే చాలు, సుబ్బాయమ్మ గుండె గుభేలుమనేది.

ఈసారి గుడి పెద్దలు నవమినాడు చలపతిరావుకి పరివట్టం కట్టాలనుకున్నారు. అమ్మవారి ఎదుట పెద్దమనిషి తలకి బట్ట చుట్టి చేసే మర్యాద అది. గుడిలో ఉన్న బట్ట పాతదట, ఈయనగారి తలకి ఆనదట. బెజవాడ వెళ్లి, తలకి బాగా చుట్లు రావాలని ఏకంగా ఆరు గజాల జరీ పట్టు కొనుక్కొచ్చాడు.

సుబ్బాయమ్మకి ఒళ్లు మండిపోయింది. "మీ తలకి అక్షతలు చాలవేంటండీ?"

"నోర్ముయ్. నలుగురిలో పరువు!"

నవమి పొద్దున్న పళ్లెం పట్టుకుని ఆయనకంటే ముందే గుడికి వెళ్లింది ఆవిడే. పట్టుబట్ట శాస్త్రిగారి చేతిలో పెట్టి, "ఇది మావారి ప్రాణానికి మొక్కిన మొక్కండీ. అమ్మకి కట్టండి" అంది.

"ఆయనకి తెలుసా అమ్మా?"

"తెలిస్తే ఈ జన్మకి తీరదండీ."

రెండేళ్లుగా అక్షతలు వేసీ వేసీ విసిగిన శాస్త్రిగారు తెర వేశారు.

తెర తీసేసరికి గుడినిండా జనం. అమ్మవారు కొత్త జరీలో ధగధగలాడుతోంది. "వస్త్రం సమర్పయామి" అన్నారు శాస్త్రిగారు, ఈసారి గొంతు పెంచి. తలంటుకుని, జుట్టు దువ్వుకుని, మెడ వంచి నిలబడ్డ చలపతిరావు తన పట్టుబట్టని గుర్తుపట్టాడు. శాస్త్రిగారు ఆయన వైపు తిరిగి, పళ్లెంలోంచి నాలుగు గింజలు తీసి ఆ తలమీద వేశారు.

"పరివట్టార్థం అక్షతాన్ సమర్పయామి."

గుమ్మం బయటినుంచి పరదేశి పగలబడి నవ్వాడు. ఆ నవ్వు గుడంతా పాకింది.

చలపతిరావు పళ్లు కొరుకుతూ భార్య వైపు తిరిగాడు. "నా బట్ట ఆవిడకి కట్టించావుటే? అక్షతలేస్తే పోయేదిగా!"

సుబ్బాయమ్మ మంగళసూత్రాలు కళ్లకద్దుకుంది. రెండేళ్ల తర్వాత మొదటిసారి ఆవిడ గుండె కుదుటపడింది.

"ఆరోజు మీరు మంచంలో కొట్టుకుంటుంటే, ప్రాణార్థం అక్షతాన్ అని ఆ తల్లి నాలుగు గింజలు విసిరి ఊరుకోలేదండీ. ప్రాణమే ఇచ్చింది" అంది.