నలభై ఒకటో నంబరు ఊపిరి

నా థీసిస్ బరువు తొమ్మిది వందల అరవై గ్రాములు. బైండింగ్ షాపు నుంచి తెచ్చిన రోజే ఫార్మసీలో త్రాసు మీద పెట్టి చూశాను. తూచడం నా అలవాటు. దానితోపాటు ఎనిమిదేళ్ళుగా మోస్తున్న ఇంకో బరువుంది. దాన్ని ఏ త్రాసూ చూపించదు. ఇవాళ దాన్ని దించుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక్కటే కోరుతున్నాను. మధ్యలో జాలిపడకండి. నాకు కోపంగా ఉంది. కోపంగానే రాస్తాను.

సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు చెప్పను. అక్కడ మందులిచ్చే కిటికీ వెనక పదహారేళ్ళు నిలబడ్డాను. చీటీ అందుకోవడం, మందులు తీయడం, కవర్లో వేయడం, తర్వాతి మనిషిని పిలవడం. మనిషికి సుమారు డెబ్బై సెకన్లు. నేనే లెక్కపెట్టాను. ఆ డెబ్బై సెకన్లలో ఏ మందు ఎలా వాడాలో చెప్పడానికి ఏమీ మిగలదు. ఒకసారి ఒక పసిబిడ్డకి రాసిన మోతాదు పదింతలు ఉందని చీటీ పట్టుకుని పైకి వెళ్ళాను. డాక్టరు నా మొహం చూడకుండానే సున్నా కొట్టేసి, పక్కనున్నాయనతో "మందులిచ్చే అమ్మాయికి లెక్కలు కూడా వచ్చండోయ్!" అని నవ్వాడు. బిడ్డ బతికింది, ఆయన నవ్వాడు, నేను కిందికి దిగి వచ్చాను. ఆ నవ్వు మీద కోపంతోనే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాను.

లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. ఇంటర్లో బైపీసీ. బీఫార్మసీ తర్వాత ఉద్యోగం, ఉద్యోగం చేస్తూ ఎంఫార్మసీ. స్టాటిస్టిక్స్ మాత్రం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత పుస్తకంలోంచి నేర్చుకున్నాను. మొదటి ముప్ఫై పేజీలు లేవు. ఆ ముప్ఫై పేజీల్లో ఏముండాలో మిగతా పేజీలను బట్టి నేనే కట్టుకున్నాను. ఎంఎంటీఎస్ రైల్లో నిలబడి, గైడ్ గది బయట బెంచీ మీద కూర్చుని. చివరికి నాతోపాటు పరిశోధన చేసేవాళ్ళు తమ అంకెల్ని నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నాకు పొగరు వచ్చింది. అంకెలు అబద్ధమాడవని, మనుషులు ఆడతారని అనేదాన్ని. ఆ పొగరుకీ ఈ తప్పులో వాటా ఉంది.

మాది శ్రీకాకుళం వైపు. పద్మారావు నగర్‌లో నాతో ఉండే మా అమ్మకి నా చదువు అంతుపట్టేది కాదు. "ఏటే, ఇంతకీ ఈ డాక్టరు చదువయ్యాక జొరానికి మందు రాస్తావా?" అని అడిగేది. రాయనమ్మా అంటే, "మరెందుకేటి ఇన్నేళ్ళు?" అనేది.

ఎందుకంటే ఒక్క మాట రుజువు చేయడానికి. ఫార్మసిస్టు కాసేపు కూర్చోబెట్టి మందు ఎలా వాడాలో చెబితే రోగి నయమవుతాడు. చెప్పకపోతే కాడు. ఇదీ నా థీసిస్. రెండు వందల పన్నెండు పేజీలు.

అరవై మంది ఆస్తమా రోగుల్ని తీసుకున్నాను. సరి నంబరు వచ్చినవాళ్ళని ఫార్మసీ పక్కగదిలో కూర్చోబెట్టి మందు పీల్చే పద్ధతి చేసి చూపిస్తాను. బేసి నంబరు వాళ్ళకి ఎప్పటిలాగే కిటికీలోంచి ఇచ్చి పంపుతాం. వీళ్ళది కంట్రోల్ గ్రూపు. మొదటి రోజు, మూడో నెల, ఆరో నెల అందరి చేతా ఒక గొట్టంలోకి ఊదిస్తాను. గొట్టం మీది ముల్లు ఎంత దూరం జరిగితే ఊపిరికి అంత బలం. ఆ అంకె రాసుకుంటాను. చివర్లో రెండు గుంపుల మధ్య తేడా ఎంతో తేలుస్తాను.

నలభై ఒకటో నంబరు నర్సింగ్. సీతాఫల్‌మండిలో ఉండేవాడు. పెళ్ళి ఊరేగింపుల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. నలభై దాటిన మనిషి, బక్కగా, ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడుతూ. ఊదడమే అతని కూడు. మొదటి రోజు ముల్లు మూడు వందల పది దగ్గర ఆగింది. నలభై ఒకటి బేసి సంఖ్య. మందులు కవర్లో వేసి పంపించాం.

ఆ మందు గురించి మీకు చెప్పాలి. చూడటానికి మామూలు క్యాప్సూల్‌లాగే ఉంటుంది. దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి తిప్పితే విరుగుతుంది. లోపలి పొడిని నోటితో గట్టిగా పీల్చాలి. అప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మింగితే కడుపులోకి పోతుంది. మింగినా మింగకపోయినా ఒకటే.

మూడో నెల అతను వచ్చాడు. గొట్టంలోకి ఊదాడు. రెండు వందల డెబ్బై. దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ గోలీలు మంచిగ పన్జేస్తలేవు మేడమ్," అన్నాడు. "పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి. ఒక్కపూట సుత తప్పలే. గిలాసెడు నీళ్ళు తాగి మింగుతున్న."

"నీళ్ళతోనా?"

"ఏందీ, చాయ్‌తోని మింగాల్నా?" నవ్వబోయి మళ్ళీ దగ్గాడు.

"దాంతోపాటు ఒక ప్లాస్టిక్ డబ్బీ ఇచ్చాం కదా."

"గదా? గది మా ఆమె అల్మారాల దాచిపెట్టింది. ఎందుకిచ్చిన్రో ఎవలన్న చెప్తే గద తెల్సేది! పెండ్లిళ్ళ సీజన్ షురూ అయితది మేడమ్. ఒక్క దమ్ముల పల్లవి సుత వస్తలేదు. మా బ్యాండు సేఠ్ ఊకుంటడా? ఇంకొకన్ని తెస్తడు. జెర మీరే చూసి చెప్పున్రి. నేనేమన్న గల్తీ జేస్తున్ననా?"

అడిగాడు. నోరు తెరిచి, సూటిగా, నన్నే అడిగాడు.

నేను అతని ఫారం మీద రెండు వందల డెబ్బై అని రాశాను. కలం మూత పెట్టాను. తలెత్తకుండా, "డాక్టరుగారు రాసినట్టే వాడండి," అన్నాను.

"మీరు చెప్తున్రు గద, ఇగ ఫికర్ లేదు," అని వెళ్ళిపోయాడు.

ఇక్కడ మీరు నా తరఫున ఒక సాకు వెతుకుతూ ఉండొచ్చు. నేనూ వెతికాను. కంట్రోల్ గ్రూపుకి చెప్పకూడదు, అది పద్ధతి. ఒకరికి చెబితే మొత్తం పాడవుతుంది. గైడ్ కూడా మొదట్లోనే "కంట్రోల్ వాళ్ళ జోలికి వెళ్ళకమ్మా" అన్నారు. ఎంతో కాలం నాకు నేను ఇదే చెప్పుకున్నాను. గైడ్‌ని తిట్టుకున్నాను. పద్ధతిని తిట్టుకున్నాను. రోగికి మందిచ్చి ఎలా వాడాలో చెప్పకపోవడాన్ని "మామూలు" అని పిలిచే ఆసుపత్రిని, దేశాన్ని తిట్టుకున్నాను. వాళ్ళందరూ తిట్లకి తగినవాళ్ళే. కానీ నా పరిశోధన ప్రణాళికలో పదిహేడో పేజీలో ఒక వాక్యం ఉంది. ఏ రోగికైనా హాని జరుగుతున్నట్టు తెలిస్తే వెంటనే అతన్ని అధ్యయనం నుంచి తప్పించి తగిన సలహా ఇవ్వాలి. ఆ వాక్యం గైడ్ రాయలేదు. నేను రాశాను. అనుమతి ఇచ్చే కమిటీ ముందు చదివి వినిపించింది కూడా నేనే.

మరి ఎందుకు చెప్పలేదు? పద్ధతి మీద భక్తితోనా?

కాదు. ఇన్నేళ్ళుగా నాకు నేను కూడా పూర్తిగా చెప్పుకోనిది ఇదే. మధ్యలో లెక్క చూడకూడదు. ఆరు నెలలూ పూర్తయ్యాకే చూడాలి. నర్సింగ్ రావడానికి వారం ముందు నేను చూశాను. అప్పటికి నాకు ఆరో సంవత్సరం నడుస్తోంది. ఆ ఏడాది థీసిస్ సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అరవై మందిలో ఎనిమిది మంది రావడం మానేశారు. మిగిలినవాళ్ళ అంకెలు పెట్టి చూస్తే రెండు గుంపుల మధ్య తేడా, అది కాకతాళీయం కాదని రుజువు కావడానికి దాటాల్సిన గీతకి వెంట్రుకవాసిలో ఊగుతోంది. ఇటు పడితే డాక్టరేటు, అటు పడితే ఆరేళ్ళు గాలికి. అలాంటప్పుడు ఒక బేసి నంబరు మనిషి వచ్చి, నేను క్యాప్సూళ్ళు మింగుతున్నాను, తప్పా అని అడిగాడు. చెబితే అతని ముల్లు పైకి వెళుతుంది. తేడా తగ్గుతుంది. కలం మూత పెట్టేలోగా ఈ లెక్క నా తలలో పూర్తయింది. నేను అంత వేగంగా లెక్కలు చేస్తాను. చెప్పానుగా, పొగరు.

ఐదో నెలలో ఒక పెళ్ళి ఊరేగింపు మధ్యలో అతను కూలబడ్డాడు. మా ఆసుపత్రికే తెచ్చారు. నాలుగు రోజులున్నాడు. ఆక్సిజన్ పెట్టారు. నేను కింద కిటికీలోంచి అతని వార్డుకి మందులు పంపించాను. పైకి వెళ్ళలేదు. డిశ్చార్జి రోజు మళ్ళీ అవే క్యాప్సూళ్ళు రాశారు. మళ్ళీ ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు చెప్పేస్తారేమోనని ఆ నాలుగు రోజులూ నేను భయపడ్డాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. చెప్పరేమోనని కాదు. చెప్పేస్తారేమోనని.

ఆరో నెల అంకె నూట తొంభై. అది రాసుకున్నాక ఫార్మసీలోంచి ఒక డబ్బీ తెచ్చి ఎలా పీల్చాలో చూపించాను. నాలుగు నిమిషాలు పట్టింది. అంత త్వరగా ఎవరూ నేర్చుకోలేదు. జీవితమంతా గాలితో పనిచేసినవాడు కదా. "ఇంతేనా మేడమ్?" అన్నాడు. తర్వాత డబ్బీని తిప్పి తిప్పి చూస్తూ, "గింత దానికా!" అని తనను తానే తిట్టుకున్నాడు. తన తెలివితక్కువతనం అనుకున్నాడు. నేను కాదనలేదు.

అతని ఊపిరి చాలావరకు తేరుకుంది, పూర్తిగా కాదు. ఆ ఆరు నెలలే కారణమని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. అంతకుముందు ఇరవై ఏళ్ళ దుమ్ము, పొగ ఉన్నాయి. లెక్కల్లో అది పెద్ద సందు. అందులోంచి దూరి బయటపడటం నాకు తెలుసు. ఆ సందు నాకొద్దు. ఎందుకంటే ఇంకొక సంగతిలో ఏ సందూ లేదు. ఆ సీజన్లో అతని సేఠ్ ఇంకో క్లారినెట్ మనిషిని తెచ్చుకున్నాడు. మళ్ళీ అతని చేతికి క్లారినెట్ ఇవ్వలేదు.

వైవా రోజు బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు నా పట్టికలు తిరగేసి, "మీ కంట్రోల్ గ్రూపు ఎంత శుభ్రంగా ఉందమ్మా!" అన్నాడు. శుభ్రంగా! అందరూ చప్పట్లు కొట్టారు. సమోసాలు, లడ్డూలు నేనే తెప్పించాను. వారం తర్వాత నలభై ఒకటో నంబరు తీసేసి లెక్క మళ్ళీ చేశాను. గీత దాటలేదు. చేత్తో ఒకసారి, కంప్యూటర్లో ఒకసారి చేశాను. దాటలేదు. నా డాక్టరేటు ఒక మనిషి ఊపిరి మీద నిలబడింది. చెబితే నయమవుతుందని నేను రుజువు చేయలేదు. చెప్పకుండా ఉంటే ఏమవుతుందో చేసి చూపించాను.

ఇప్పుడు నా గదికి పేరుతో బోర్డు ఉంది. పేరు ముందు డాక్టర్ అని ఉంది. నా థీసిస్‌నే ఆధారంగా చూపి ఆసుపత్రిలో మందుల సలహా గది తెరిచారు. రోజూ ఎంతోమంది అక్కడ నేర్చుకుని వెళుతున్నారు. ఆ సంఖ్యని ఇటు రాసి, నర్సింగ్‌ని అటు రాసి, తీసివేత చేయడం నాకు చేతనవును. చేయను.

పోయిన నెల ఒక సాయంత్రం మా వీధి చివర ఒక ఊరేగింపు అడ్డం వచ్చింది. ఎర్రకోట్లు, లైట్లు. క్లారినెట్ మనిషి ముందు ఎగురుతున్నాడు. ఎవరో కుర్రవయసువాడు. చివరి వరసలో, జనరేటర్ బండి పక్కన, నర్సింగ్ రెండు చేతులతో గిలక్కాయలు ఊపుతూ నడుస్తున్నాడు. బ్యాండులో ఊదనక్కర్లేని, డోలులా బరువు మోయనక్కర్లేని వాద్యం అది. కూలి కూడా అందరికన్నా తక్కువ. నన్ను చూశాడు. మొహం విప్పారింది. పక్కవాడికి నన్ను చూపించి, "మా డాక్టరమ్మ! ఈమెనే నాకు దమ్ము పీల్చుడు నేర్పింది," అని అరిచాడు. గిలక్కాయలు పట్టుకున్న చేతులతోనే దండం పెట్టాడు.

నేనూ దండం పెట్టాను. చెప్పడానికి అతని వరస నన్ను దాటి వెళ్ళేంత సమయం ఉంది. డెబ్బై సెకన్లకు తక్కువ కాదు. చెప్పలేదు.

అతనికి చెప్పలేదు, మీకు చెప్పాను. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. ఒకదాన్ని ఇంకోదాని కింద జమ వేయమని మిమ్మల్ని అడగను. అతనికి చెబుతానా? తెలియదు. చెబుతానని ఇక్కడ రాస్తే మీకు నామీద కాస్త మంచి అభిప్రాయం కలుగుతుంది. అందుకే రాయను.

నర్సింగ్, అది మింగేది కాదు. పీల్చేది. ఇంతే ఆ మాట. రెండు సెకన్లు.

రాసేశాను. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి నాకు ఊపిరి సులువుగా ఆడుతోంది. దానికీ నాకు కోపంగానే ఉంది.