నూకాలమ్మ చెప్పిన మాట, నేను చెప్పిన మాట

ఈ బరువును ఎన్నేళ్ళు మోశానో చెప్పను. చెబితే జాలిపడతారు. జాలి నాకొద్దు. ఒక మనిషి నోటి మాటను మార్చేసి ఆమె పొట్ట కొట్టాను. ఆ తర్వాత కూడా రిటైరయ్యేదాకా తెల్లచీర కట్టుకుని తలెత్తుకునే తిరిగాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే వెంటనే నా తరఫున వకాల్తా పుచ్చుకుంటారు.

అరవైల నాటి సంగతి. ఖరగ్‌పూర్‌లో లోకోషెడ్ గోడకు ఇవతల ఓ చిన్న ఆసుపత్రి ఉండేది. దాని పేరు అనవసరం. నేనక్కడ స్టాఫ్ నర్సుని. నాన్న గూడ్సు గార్డు, మా కాపురం ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, బజార్లో బెంగాలీ, హిందీ. ఇన్ని భాషలు వచ్చునని డాక్టరుగారు నలుగురి ముందూ నన్ను మెచ్చుకునేవారు. ఆ మెప్పంటే నాకు మహా ఇష్టం.

నూకాలమ్మ మా వార్డులో ఆయా. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడు ఇంజను మీద ఫైర్‌మన్‌గా పనిచేస్తూ పోయాడు. ఆసుపత్రిలో చేరకముందు ఆమె షెడ్డులో ఇంజన్లు దులిపిన బూడిదలోంచి కాలీకాలని బొగ్గు ఏరి అమ్ముకునేది. చల్లారేదాకా ఆగితే పక్కావిడ ఏరేస్తుంది, అందుకని వేడిమీదే ఏరాలి. అలా ఏరి ఏరి ఆమె అరచేతులు మొద్దుబారిపోయాయి. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేసేది. నీవి చేతులా, పట్టకార్లా అని ఆటపట్టించేదాన్ని. అంటే ఆ చేతుల సంగతి నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను.

ఓ చలికాలం, మధ్యాహ్నం పూట, మాలతి అనే అమ్మాయికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. సుభాష్‌పల్లిలో ఓ దర్జీ భార్య. వెన్నులో మత్తు ఇచ్చారు కాబట్టి ఆమెకు నడుం కింద ఏమీ తెలియడం లేదు. పైన మాత్రం ఒకటే వణుకు. కాళ్ళ దగ్గర వేడినీళ్ళ సంచి పెట్టమన్నారు డాక్టరుగారు. మత్తులో ఉన్న మనిషికి ఆ రబ్బరు సంచి పెట్టడం నర్సు పని, ఆయా పని కాదు. నీళ్ళ వేడి థర్మామీటరుతో చూడాలి, సంచికి మందపాటి గుడ్డ తొడగాలి, ఒంటికి ఆనకుండా పెట్టాలి, మాటిమాటికీ దుప్పటి ఎత్తి చూస్తుండాలి. ట్రైనింగులో మాకు మొట్టమొదట నూరిపోసినవాటిలో ఇదొకటి.

ఆ రోజు మా బొగ్గులపొయ్యి ఆపరేషన్ సామాన్లు ఉడకబెట్టడానికే సరిపోయింది. నూకాలమ్మ గోడ అవతలికి వెళ్ళి ఇంజను నుంచి నీళ్ళు పట్టుకొచ్చింది. రైల్వే కాలనీల్లో ఇది మామూలే. పురిటి స్నానమైనా, పిల్లలకు తలంటైనా, తెలిసిన ఫైర్‌మన్ చేతికి బకెట్టు ఇస్తే చాలు, పొగలు కక్కే నీళ్ళు పట్టిస్తాడు. ఆమె సంచి నింపి, నేరుగా మాలతి దగ్గరికి పోకుండా, నా దగ్గరికి తెచ్చింది.

"సిస్టరమ్మా, ఇంజను నీల్లు ఇవి. నా సేతికి ఏడి తెల్దు గదా. మీరోపాలి సూడండి."

"చూసేదేముంది నూకాలమ్మా? కాసేపు ఆరనిచ్చి పెట్టెయ్యి. నేను పనిలో ఉన్నాను."

"ఏటి, నన్నే ఎట్టీమంతారా?"

"పెట్టెయ్యమన్నాను కదా. వెళ్ళు."

ఏమిటా పని? వార్డు నిండా రోగులు, నర్సుని నేనొక్కదాన్ని అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం కాదు. కానీ ఆ నిమిషంలో నేను చేస్తున్నది వేరు. డాక్టరుగారు భోజనానికి వెళుతూ, తాను ఎక్కించాల్సిన సెలైన్ నన్ను ఎక్కించమన్నారు. మా ఆసుపత్రిలో నరానికి సూది గుచ్చడం డాక్టర్ల పని. అది నా చేతికిచ్చారని పొంగిపోయాను. ఆయన పని నా మీదికి, నా పని నూకాలమ్మ మీదికి దిగాయి. ఇవాళ ఆయన ఎదురుపడితే నిలదీస్తాను, మీ అన్నం వేళకు మీ పని నాకెందుకు అంటగట్టారని. ఆ హక్కు నాకుంది. అయితే నేను కాదన్నానా? మురిసిపోతూ చేశాను కదా?

తీరుబడి అయ్యాక వెళ్ళి దుప్పటి ఎత్తాను. మాలతి రెండు మడమలూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఒకవైపు చర్మం ఊడి సంచి గుడ్డకు అంటుకుపోయింది. ఆమె పక్కనున్న బిడ్డను చూసుకుని నవ్వుతోంది. మత్తు ఇంకా దిగలేదు.

మర్నాడు విచారణ. మాలతి భర్త కోర్టుకెక్కుతానని గొడవ చేస్తున్నాడు. తప్పు నర్సుదైతే నర్సింగ్ కౌన్సిల్‌కు రాయాలని, రిజిస్ట్రేషన్ రద్దు కావచ్చని పెద్దలు నా ముందే అనుకున్నారు. నూకాలమ్మకు బజారు బెంగాలీ వచ్చు. కానీ కుర్చీల్లో అంతమందిని చూసేసరికి బెదిరిపోయి, తెలుగు తప్ప నోట రాలేదు. ఆమె చెప్పేది ఇంగ్లీషులో చెప్పమని సూపరింటెండెంటు నాకు పురమాయించారు. ఎవరి తప్పో తేల్చాల్సిన ఇద్దరిలో ఒకదాన్నే దుబాసీగా పెట్టుకున్నారు. అంత చదువుకున్న మనుషులకు అది తప్పని తోచలేదు. లేక తోచిందా? నర్సు పోతే ఇంకో నర్సు దొరకదు, ఆయా పోతే మర్నాటికల్లా ఇంకో ఆయా వస్తుంది.

"నాను సూడమన్నాను బాబూ. సిస్టరమ్మ ఎట్టీమన్నారు, ఎట్టీసినాను," అంది నూకాలమ్మ.

సిస్టర్‌ని అడక్కుండా తానే పెట్టేసిందట, ఇంజను నీళ్ళని కూడా నాతో చెప్పలేదట అని నేను ఇంగ్లీషులో చెప్పాను. గొంతు వణకలేదు. వణికితే బాగుండేదేమో, ఎవరికైనా అనుమానం వచ్చేది.

బయట వరండాలో ఆమె నా పక్కకు వచ్చి, "నా మాట సెప్పినారా అమ్మా?" అని అడిగింది. చెప్పాను అన్నాను.

ఆమెను ఆ రోజే పంపించేశారు. మాలతి కాళ్ళకు కట్లు నేనే కట్టాను. పుండు మానింది గానీ నడక సరిగ్గా రాలేదు. కట్టు కట్టినప్పుడల్లా నూకాలమ్మను బెంగాలీలో శాపనార్థాలు పెట్టి, నన్ను చల్లగా ఉండమని దీవించేది. రెండూ వింటూనే కట్టు బిగించేదాన్ని. తర్వాత ఓసారి గోల్‌బజార్‌లో చేపల దుకాణాల దగ్గర నూకాలమ్మ కనబడింది. గోళ్ళ నిండా బూడిద. మళ్ళీ షెడ్డులో బొగ్గు ఏరుతోంది. డాక్టరు బాబుకు చెప్పి మళ్ళీ పనిలో పెట్టించమని నన్నే బతిమాలింది. చూస్తానన్నాను. చూడలేదు. కొన్నాళ్ళకు ఊరికి వెళ్ళిపోయిందని విన్నాను. నేను మాట మార్చానని ఆమెకు తెలుసా? తెలిసే ఆ రోజు వరండాలో అలా అడిగిందా, నాకో అవకాశం ఇవ్వడానికి? ఈ ప్రశ్న దగ్గర నాకు నిద్ర పట్టదు.

తర్వాత నేనే ట్రైనింగు పిల్లలకు పాఠాలు చెప్పాను. పని ఇంకొకరికి అప్పగించినా దానికి జవాబు చెప్పాల్సింది మీరే అని బల్ల గుద్ది చెప్పాను. పరీక్షల్లో అదే ప్రశ్న ఇచ్చాను. తప్పు రాసినవాళ్ళకు మార్కులు కోశాను కూడా. నా అంత సిగ్గులేని మనిషి ఉంటుందా?

అయినా ఒకటి గట్టిగా చెబుతాను. ఆయాకు పని అప్పగించడమే నేరమంటే ఒప్పుకోను. అప్పగించకపోతే ఆ వార్డు ఒక్క పూట నడిచేది కాదు. రూల్సు రాసేవాళ్ళను వచ్చి ఒక్క రోజు ఆ మంచాల మధ్య తిరగమనండి. థర్మామీటరు పెట్టి చూడకపోవడం నా నిర్లక్ష్యం. దానికి తిట్టండి, పడతాను. కానీ ఆ రోజుల్లో అంతేలే అని మాత్రం నన్ను ఓదార్చకండి. ఏ రోజుల్లోనైనా అబద్ధం అబద్ధమే. పని ఎక్కువై నేను ఆ అబద్ధం ఆడలేదు. నా ఉద్యోగం నాకు ఆమె కూటికన్నా ముఖ్యమై ఆడాను.

మిమ్మల్ని క్షమించమని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? చర్చిలో మోకరించి పాపాలు చెప్పుకునేటప్పుడు కూడా ఈ ఒక్కటి దాటవేసేదాన్ని. ఇప్పుడు రాశాను. గుండె కాస్త తేలికపడింది, దాచడమెందుకు? ఆ విచారణ గదిలో ఇంగ్లీషులో చెప్పాల్సినదాన్ని ఇంత ఆలస్యంగా తెలుగులో చెబుతున్నాను. అయ్యా, ఈమె చూడమంది. నేను చూడలేదు. పెట్టమన్నది నేనే.