మా ఈశ్వర్ బావది పాత జబ్బు కాదు

నిన్న పొద్దున్న ఫోన్‌లో పార్వతక్క పేరు చూడగానే హలో కూడా అనలేదు. "అప్రూవల్ వచ్చిందేటక్కా?" అని అడిగేశాను.

అవతల ఏడుపు.

"ఎల్లిపోనాడే కుమారీ. మీ బావ ఎల్లిపోనాడు."

నా బుర్రకెక్కలేదు. రాత్రే కదా నాతో మాట్లాడాడు, ఎక్కడికి వెళ్తాడు?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఈశ్వర్ బావ మా మేనత్త కొడుకు. పార్వతక్క ఆయన భార్య. కోల్‌కతాకి దగ్గరలోని మా రైల్వే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్స్‌లో కలిసి పెరిగాం. మామయ్య వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాక నిమ్‌పురా వైపు అదే ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. బావకి రైల్వే ఉద్యోగం రాలేదు. ఇన్వర్టర్లు, బ్యాటరీలు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాడు.

కరెంటు పోతే మా వీధిలో దేవుణ్ణి తలుచుకోరు, బావని తలుచుకుంటారు.

పోయిన చలికాలం వరకూ ఆదివారం వస్తే ఫుట్‌బాలే. ఈ వయసులో నీకిదేం పిచ్చి బావా అంటే, "బాలే నా కాలికాడికొస్తాది, నానేటి సేసేది టీచరమ్మా?" అనేవాడు. స్కూల్లో పాఠాలు చెప్తానని నన్నలాగే పిలిచేవాడు.

ఆ తర్వాత ఒకరోజు ఛాతీలో నొప్పి. కోల్‌కతాలో ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్తే బైపాస్ చెయ్యాలన్నారు. సొంతంగా పెట్టుకునే స్తోమత లేదు కానీ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాం.

అక్కడే కొంప మునిగింది.

మా రైల్వే వాళ్లకి ఒక అలవాటుంది. రైల్వే హాస్పిటల్‌కి వెళ్తే, ఏ జబ్బయినా "పాతదే" అని చెప్పేస్తాం. పాత కేసుకి చిన్న లైను, కొత్త కేసుకి పెద్ద లైను. నిన్న వచ్చిన జ్వరాన్ని కూడా ఏళ్లనాటిదని చెప్పి లోపలికి దూరిపోయినవాళ్లం. మా అమ్మలే నేర్పారు.

కోల్‌కతాలో అడ్మిషన్ కౌంటర్ దగ్గర నొప్పి ఎప్పటి నుంచి అని అడిగారట. గుండె పట్టుకుని నిలబడ్డ మనిషి, తొందరగా లోపలికి పంపుతారని, అలవాటు కొద్దీ "బహుత్ పురానా హై దాదా" అనేశాడు, చాలా పాతదని.

డాక్టర్ పరీక్షలన్నీ చేసి, ఇది ఇప్పుడే కొత్తగా వచ్చిందని స్పష్టంగా రాశాడు. బిల్లింగ్ వాళ్లు అది చూడలేదు. కౌంటర్‌లో రాసుకున్నది చూసి, ఆపరేషన్ అంచనా బిల్లు మీద పాత గుండెజబ్బు కోడ్ వేసి ఇన్సూరెన్స్ వాళ్లకి పంపించేశారు.

ఒక్కో జబ్బుకి ఒక్కో కోడ్ ఉంటుందట. ఇన్సూరెన్స్ వాళ్లు ఆ కోడ్‌నే చూస్తారు. మనిషిని చూడరు.

రిజెక్ట్.

పాలసీ తీసుకోకముందే జబ్బుంది, దాచిపెట్టారు అని కారణం చెప్పారు.

ఆ "దాచిపెట్టారు" దగ్గర మామయ్య కూలబడిపోయాడు. "నా కొడుకు దొంగోడేటమ్మా?" అని నన్ను అడిగాడు.

కోడ్ మార్చమంటే ఇన్సూరెన్స్ వాళ్లని అడగమంది హాస్పిటల్. హాస్పిటల్ నుంచి సరిచేసిన బిల్లు తెమ్మన్నారు ఇన్సూరెన్స్ వాళ్లు. దానికి డాక్టర్ సంతకం కావాలి. డాక్టర్ ఊళ్లో లేడు. కస్టమర్ కేర్‌లో ఫోన్ చేసినప్పుడల్లా కొత్త గొంతు, మళ్లీ కథంతా మొదటి నుంచి.

మందులతో నెట్టుకొస్తూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ, బావే తిరిగాడు.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. బిల్లింగ్ కౌంటర్ దగ్గర జేబులోంచి ఒక ఫోటో తీసి అద్దం కింద నుంచి లోపలికి తోశాడు. క్లబ్ మ్యాచ్‌లో బాలు వెంట పడి పరిగెడుతున్న ఫోటో. జుట్టు లేచిపోయి, నోరు తెరుచుకుని, చూస్తే నవ్వొచ్చేలా ఉన్నాడు.

"దేఖియే దాదా," అన్నాడు, ఇది చూడండి అని. పాత గుండెజబ్బు ఉన్నవాడు ఇలా పరిగెడతాడా అని హిందీలో అడిగాడు.

కౌంటర్‌లో ఆయన నవ్వలేదు పాపం. ఫోటో చూసి కోడ్ మార్చలేమని చెప్పి, జాగ్రత్తగా వెనక్కి ఇచ్చాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడు బావ అన్న మాట నన్ను వదలట్లేదు.

"జబ్బుందని సూపించడానికి ఇన్ని టెస్టులున్నాయి. పాలసీ తీసుకున్నప్పుడు నేదని సూపించడానికి ఒక్కటీ నేదేటే?"

ఫోటోని మళ్లీ జేబులో పెట్టుకుని లేచాడు.

పోయిన వారం డాక్టర్ సంతకం దొరికింది. సరైన కోడ్‌తో బిల్లు మళ్లీ పంపారు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "వచ్చేస్తాది, నువ్వు పడుకో టీచరమ్మా" అన్నాడు. తెల్లారి టీ గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడట. పార్వతక్క బిస్కెట్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లిందంతే.

ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలియడం లేదు. చేసినవాళ్లెవరూ చెడ్డవాళ్లలా కనిపించలేదు. కానీ మనిషి పోయాడు.

నిన్న సాయంత్రం శ్మశాన ఘాట్ నుంచి వచ్చి అందరం నేల మీద కూర్చున్నాం. బావ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పార్వతక్క చూడలేక నా చేతికిచ్చింది.

కోడ్ సరిచేశారు. క్లెయిమ్ ఒప్పుకున్నారు. ఆపరేషన్‌కి అడ్మిట్ కావచ్చు.

పైకే చదివాను. మామయ్య గొంతు వినిపించింది.

"అయితే ఆడిది కొత్త జబ్బేనని ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు మామయ్యా."

"దాసినాడని ఇంక అనరు గదా?"

"అనరు."

మామయ్య, బావ ప్రాణం పోయిన చోట వెలిగించిన దీపం వైపు చెయ్యి చూపించాడు.

"ఆడికి కూడా ఓపాలి సదివి ఇనిపించమ్మా."

దీపం ముందు కూర్చుని చదివాను బావా. మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఒక్క మాట కూడా వదల్లేదు.

నీకు వినపడిందో లేదో.

నువ్వు ఇంక ఎవరికీ ఏ రుజువూ చూపించక్కర్లేదు. హాయిగా పడుకో బావా. నీ ప్రాణానికైనా శాంతి దొరకాలి. మాకు ఇప్పట్లో దొరకదు.