మల్లేశ్ చూపిన నాలుగో గది

ప్లాటు చూపించడంలో మల్లేశ్‌కు ఒక ఒడుపు ఉండేది. కొనవచ్చినవాళ్లను ఈశాన్యం మూల రాయి దగ్గర నిలబెట్టి, తాను గబగబా ఎదుటి మూలకు నడిచిపోయి, అక్కడినుంచి చెయ్యెత్తి "గిదంత మనదే సార్" అని కేకేసేవాడు. మల్లేశ్ ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. అంత పొట్టి మనిషి ఆ కొసన నిలబడేసరికి ఎక్కడో అల్లంత దూరాన ఉన్నట్టు కనిపించి, నూటయాభై గజాల జాగా రెండు వందల గజాలంత అయ్యేది. బొంగులూరు నుంచి మన్నెగూడ దాకా వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలుసు. చిన్న బిట్లు అమ్ముడుపోక మిగిలితే "ఆ పొట్టి మల్లేశ్‌ను పిలువుండ్రి" అనేవారు. ఆ మాటకు ఆయన ఎన్నడూ నొచ్చుకోలేదు. దేవుడు గొంతు దండిగా ఇచ్చి ఎత్తు దగ్గర జర పొదుపు చేశాడు, అంతే కదా అనేవాడు.

అబద్ధం ఆడాడని మాత్రం ఎవరూ అనలేరు. గజాలెన్నో కాగితం మీద రాసే ఉండేవి. కాగితం చదవనిచ్చేంత తీరిక మాత్రం మల్లేశ్ ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

అలాంటి మల్లేశ్ మొన్న ఆగస్టులో భార్య లీదియా వెంట, ఏడేళ్ల కూతురు సంతోషిని పట్టుకొని ఇంగ్లాండులో డర్బీ అనే ఊరికి పోయాడు. లీదియా నర్సు. ఉద్యోగం ఆమెది, వీసా ఆమెది. మల్లేశ్ ఆ వీసాకు తోక.

ఇబ్రహీంపట్నంలో వాళ్లున్నది లీదియా తండ్రి ముత్యాలు కట్టిన ఇంట్లో. ముత్యాలు నలభై ఏళ్లు మేస్త్రీపని చేసినవాడు. ఊరందరికీ ఇళ్లు కట్టి, చివరికి మూడు వందల గజాల్లో తనకొకటి కట్టుకున్నాడు. పై అంతస్తంతా అల్లుడికీ బిడ్డకూ ఇచ్చాడు. ఆ డాబా మీద మల్లేశ్ పొద్దున ఫోను పట్టుకొని ఈ కొసనుంచి ఆ కొసకు నడుస్తూ మాట్లాడితే, మూడిళ్ల అవతలివాళ్లకు కూడా ఆ రోజు ఏ ప్లాటు ఎవరు చూడబోతున్నారో తెలిసిపోయేది.

డర్బీలో దొరికింది ఒక పాత ఇంటి అటక. పైకప్పు రెండు పక్కలా వాలిపోయి, నడుమ మాత్రమే మనిషి నిటారుగా నిలబడేటంత చోటుండేది. వంటిల్లూ హాలూ కలిసి ఒక గది, పడుకునేది ఒక గది, స్నానాలకొకటి. వాలు కింద మిగిలిన సందులో పెట్టెలూ చలికోట్లూ పెట్టుకోవడానికి ఒక అల్మారా. లీదియా పొడగరి. మొదటి వారంలోనే నాలుగుసార్లు తల కొట్టుకుంది. మల్లేశ్‌కు ఒక్కసారీ తగల్లేదు. పుట్టాక మొదటిసారి పొట్టితనం అక్కరకొచ్చింది కానీ, మెచ్చుకునేవాళ్లే లేకపోయారు.

వచ్చిన రోజే అలవాటు కొద్దీ అడుగులు వేసి కొలిచాడు. నలభైరెండు గజాలు. వెంచర్‌లో పార్కు పేరు చెప్పి ఇంతకంటే ఎక్కువ వదిలేవాళ్లం కదా అనుకున్నాడు.

"డాడీ, మన వాకిలేది?" అనడిగింది సంతోషి.

"మెట్ల కింద ఉంది బిడ్డా."

"అది అందరిదీ గదా."

మల్లేశ్ పెట్టెలు అల్మారాలోకి తొయ్యడం మొదలుపెట్టాడు.

లీదియాకు ఎక్కువగా రాత్రి డ్యూటీలు. పగలు పడుకునేది. సంతోషి బడికి పోయేది. మల్లేశ్ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టి, జవాబులకోసం ఎదురుచూస్తూ వంటింటి కుర్చీలో కూర్చునేవాడు. చెంచా చప్పుడు కూడా కాకుండా చాయ్ కలుపుకోవడం నేర్చుకున్నాడు. కిటికీ ఉంది కానీ, వాలు కప్పులో పెట్టిన కిటికీ. జానెడు తెరుచుకుని ఆగిపోయేది. అందులోంచి ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించదు, ఆ ఆకాశం కూడా తడిసిన సిమెంటు రంగులో ఉండేది. ఊరివాళ్లెవరైనా ఫోను చేస్తే గొంతు దానంతట అదే లేచేది. లేచిన మరుక్షణం కింది వాటాలో ఉండే ముసలమ్మ కర్రతో తన కప్పును పొడిచేది. మూడుసార్లు, టక్ టక్ టక్. మల్లేశ్ గొంతు తగ్గించేవాడు. అవతలివాళ్లు "ఏమైందన్నా, పానం మంచిగ లేదా?" అని అడిగేవారు. నెల తిరిగేసరికి ఫోను ఎత్తడమే తగ్గించాడు.

సరిగ్గా అలాంటి ఒక మధ్యాహ్నం, లీదియా నిద్రలో ఉండగా, అత్త ఎంకమ్మ వీడియో కాల్ చేసింది.

"ఇల్లెట్లుంది అల్లుడా? లీదియానడిగితే చిన్నదే అంటది, ఇంకేం చెప్పదు. నువ్వు చెప్పు, నీకైతే జాగల సంగతి ఎర్కనాయె. ఎన్ని రూములు?"

ఉన్నది చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ ఆ నోరు పదేళ్లు ప్లాట్లు అమ్మిన నోరు.

"నాలుగు, అత్తమ్మా" అన్నాడు.

అని ఊరుకోలేదు. ఫోనును వంటగట్టు మీద నిలబెట్టి, తాను హాలు అవతలి కొసకు పోయి, వాలు కింద గోడకు ఆనుకుని నిలబడి చెయ్యెత్తాడు. ఎంకమ్మ తెర మీద అల్లుడు ఎక్కడో చివర చిన్నగా కనిపించాడు.

"అబ్బ, మస్తు పెద్దగుంది" అంది ఆమె.

అక్కడితో ముగిసిపోతే అది ఒక పొట్టి మనిషి పొడుగు మాట, అంతే. కానీ లీదియా చెల్లెలు వనితకు డర్బీ యూనివర్సిటీలోనే సీటు వచ్చి ఉంది. జనవరిలో పోవాలి. హాస్టల్లో గది పట్టి పెట్టుకుంది. నాలుగు గదుల సంగతి వినగానే ముత్యాలు "సొంత అక్క ఇల్లుండంగ హాస్టలెందుకు? రద్దు చెయ్" అన్నాడు. ఒకసారి వదిలేస్తే ఆ గది మళ్లీ దొరకదని వనిత ఇంకా ఆగింది. వెనక యాభైమంది కాచుకుని ఉన్నారు. వనిత వచ్చి దిగితే పడుకునేందుకు అటకలో ఒక చాప పరిచే చోటు కూడా లేదని మల్లేశ్‌కు తెలుసు. ఇవాళ చెప్పాలి అని ప్రతిరోజూ అనుకునేవాడు. రాత్రి డ్యూటీల మూలంగా లీదియాకు ఊరివాళ్లతో మాటలే తక్కువ, ఆమెకు చెప్పాలన్నా మల్లేశ్‌కు నోరు రాలేదు. ఆమె అలసిపోయి వచ్చి, తల వంచుకుని ఇంట్లోకి దూరేది. ఆ వంచిన తలకు ఏం చెబుతాడు?

నవంబరులో ముత్యాలు ఇంకో మాటన్నాడు. ప్రార్థన చేయించని ఇంట్లో ఎన్ని రోజులుంటారు? ఊళ్లో అయితే కొత్త ఇంట్లోకి పాస్టరుగారు వచ్చి ఒక్కొక్క గదికీ పోయి, దర్వాజ మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తాడు. ఇంగ్లాండుకు ఆయన రాలేడు కాబట్టి ఫోనులోనే చేద్దాం, ఆదివారం సాయంత్రం అందరం మా ఇంట్లోనే కూడుతాం అన్నాడు.

మల్లేశ్ ఆ ఆదివారం లీదియానూ సంతోషినీ అక్కడి చర్చికి పంపించి, తనకు మోకాలు నొప్పి అని ఉండిపోయాడు. ఊరివాళ్లకేమో లీదియా డ్యూటీలో ఉందని చెప్పాడు. ఒక అబద్ధానికి కాళ్లు కావాలంటే ఇంకో రెండు అతకాలి మరి.

ఇబ్రహీంపట్నంలో సాయంత్రం ఐదు, డర్బీలో పదకొండున్నర. ముత్యాలు ఇంట్లో ఇరవైమంది కూర్చున్నారు. ఫోనును టీవీకి కలిపారు. మల్లేశ్ ఇల్లు గోడంత తెర మీద కనిపిస్తోంది.

"మల్లేశ్ బ్రదర్, హాలుతోని మొదలు పెడదాం. దర్వాజ మీద చెయ్యి పెట్టు" అన్నాడు పాస్టరు నారయ్య.

హాలు అయింది. పడకగది అయింది. "మూడో రూముకు పై మెట్లెక్కాలె అయ్యగారూ, జర ఆగుండ్రి" అంటూ మల్లేశ్ ఫోనును రొమ్ముకు అదుముకొని, ముందే దగ్గర పెట్టుకున్న ఎర్ర దుప్పటి పరుపు మీద పరిచి, దిండ్లు అటువి ఇటు మార్చి, ఎక్కినవాడిలా కాసేపు రొప్పి, అదే గదిని ఇంకో మూలనుంచి చూపించాడు. నారయ్య కళ్లు మూసుకొని మనసారా ప్రార్థించాడు. అందరూ ఆమేన్ అన్నారు.

నాలుగోదానికి ఏర్పాటు లేదు. స్నానాల గది అనుకున్నాడు కానీ దైవకార్యానికి అది తగదనిపించింది. అల్మారా చిన్న తలుపు తీసి, వంగి లోపలికి దూరి, వెనక హాలు కనిపించకూడదని తలుపు లాక్కున్నాడు. టిక్‌మంది.

ఆ తలుపు గడియ తనంతట తానే పడుతుంది. పిడి బయటే ఉంది.

"బ్రదర్, చీకటి ఉంది."

"కరెంట్ పోయింది అయ్యగారూ."

"ఇంగ్లాండుల గూడ పోతదా?" అని ముత్యాలు గొంతు వినిపించింది.

నారయ్య చీకటికే ప్రార్థన మొదలుపెట్టాడు. మల్లేశ్ ఒక చేత్తో ఫోను పట్టుకొని, రెండో చేత్తో తలుపును తోస్తున్నాడు. మెడ మీద లీదియా చలికోటు, మోకాళ్ల కింద పెట్టె. జేబులో తడిమితే పాత విజిటింగ్ కార్డులు తగిలాయి. 'మల్లేశ్, ఓపెన్ ప్లాట్లు, విల్లాలు.' ఒకటి తీసి తలుపు సందులో దూర్చి గడియను లేపబోయాడు. కార్డు మెత్తగా వంగి అవతల పడిపోయింది. ఇంకొకటి. అదీ పడింది. పదేళ్లు ఎందరి ఇళ్లకో తలుపులు తెరిచిన కార్డులు ఒక్క గడియకు చాలలేదు.

"ఈ రూములో ఉండబోయే మా బిడ్డ వనితను..." అంటున్నాడు నారయ్య. మల్లేశ్ చెయ్యి ఆగిపోయింది.

ఆమేన్ అన్నాక వనిత టీవీ ముందుకొచ్చింది. "బావా, ప్రార్థన గూడ అయిపోయిందిగా. హాస్టల్ క్యాన్సల్ కొడుతున్న. బాపు గిప్పుడే కొట్టుమంటుండు."

వనిత వేలు తన ఫోను మీదే ఉంది. మల్లేశ్ తప్పించుకుందామన్నా పోవడానికి తావు లేదు. తాను ఫోను కట్టేసినా అక్కడ ఆ వేలు రద్దు మీద పడుతుంది.

"ఆగు వనితా. కొట్టకు."

"ఏమైంది బావా?"

"నాలుగో రూము లేదు."

"చీకట్ల కనవడ్తలేదా?"

"లేనే లేదు. మూడోది గూడ లేదు. ఉన్నదొక్కటే పండే రూము. ముగ్గురం అండ్లనే పంటున్నం. నువ్వొస్తే ఏడ పండవెట్టాల్నో తెల్వక రెండు నెలలసంది చస్తున్న."

తన గొంతు ఎంత పెద్దగా ఉందో అప్పుడు గమనించాడు మల్లేశ్. కర్ర చప్పుడు రాలేదు. చుట్టూ ఉన్న చలికోట్లు ఆ గొంతునంతా తాగేశాయి. ఊరు విడిచాక నిండు గొంతుతో మాట్లాడడం అదే మొదలు.

"నువ్వెక్కడున్నవు మరి గిప్పుడు?" అంది ఎంకమ్మ.

"అల్మారాల, అత్తమ్మా. తలుపు పడ్డది."

ఎవరో చిన్నపిల్ల ఫక్కున నవ్వితే, పక్కనున్నవాళ్లు నోరు మూసిన చప్పుడయింది.

"నాకెర్కే" అన్నాడు ముత్యాలు తాపీగా. "రెండో రూముల కిటికీ కింద సున్నం పెచ్చు ఊడి ఉంది. మూడో రూముల గూడ గదే పెచ్చు. ఒక్క తీరుగ రెండు పెచ్చులు ఊడవు అల్లుడా."

"మరి అప్పుడే అనకపోతివి మామా."

"అయ్యగారు ప్రార్థనల ఉండె. నడుమ ఎట్లంట? నీ నోటితోనే రావాల్నని వనితను క్యాన్సల్ కొట్టుమన్న."

నారయ్య గొంతు సవరించుకున్నాడు. "చేసిన ప్రార్థన నేనైతే వాపస్ తీస్కోను. రూముకు రెండుసార్లయింది, మంచిదే. అల్మారాకు గూడ అయింది."

వనిత ఫోను పక్కన పెట్టింది. "బావా, హాస్టల్ రూమే ఉంచుకుంట. అది గూడ చిన్నదేనట. నీ అల్మారాకంటే నయమే."

ఎంకమ్మ మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "చిన్నదే అని బిడ్డ చెప్పింది. నేనే ఇన్లే" అంది. లీదియా వచ్చేదాకా ఫోను కట్టెయ్యవద్దని అడిగాడు మల్లేశ్. చీకట్లో ఒక్కడే కూర్చోవడం ఆయనకు చేతకాదు. వాళ్లు కట్టెయ్యలేదు. ఎవరి బిట్టు ఎవరు కొన్నారో, మన్నెగూడ చౌరస్తాలో ఏ దుకాణం మూసేశారో చెబుతూ కూర్చున్నారు. వింటూ వింటూ మల్లేశ్ కాళ్లు తిమ్మిరెక్కాయి.

ఒంటిగంటకు బయట తాళం తిరిగింది.

"మమ్మీ, ఈడ డాడీ కార్డులు పడ్డయ్" అంది సంతోషి. ఒకటి ఏరింది. రెండోది ఏరింది. ఏరుకుంటూ అల్మారాదాకా వచ్చింది. తలుపు తెరుచుకుంది.

లీదియా వంగి చూసింది. కోటు నెత్తిన వేసుకొని భర్త, చేతిలో ఫోను, అందులో తన పుట్టింటివాళ్లందరూ.

"ఏంది గిది?"

"ఎన్ని రూములున్నయని చెప్పిండో అడుగు బిడ్డా" అన్నాడు ముత్యాలు.

ఆమె భర్త ముఖంలోకి చూసింది. మల్లేశ్ నాలుగు వేళ్లు చూపించాడు. లీదియా చటుక్కున నిటారుగా లేచింది. ఐదోసారి తల తగిలింది. నెత్తి పట్టుకొని అక్కడే తలుపు ముందు కూలబడి, ఏడుస్తుందేమో అని మల్లేశ్ బెదురుతుండగా, పళ్లు బిగబట్టి అంది: "గా నాలుగు రూముల ఒక్కదాంట్లనన్న నా తల పట్టేటట్టు చెప్పకపోతివి."

"అల్లుడా" అన్నాడు ముత్యాలు, "బయటికి రాకముందే ఒక్క మాట చెప్పు. ఎన్ని గజాలుంటది గా అల్మారా?"

"ఒకటిన్నర ఉంటది మామా."

"జర మంచిగ చూడు."

మల్లేశ్ చెయ్యి చాపాడు. అటు గోడ తగిలింది, ఇటు లీదియా మోకాలు తగిలింది.

"ఒకటి" అన్నాడు.