చెంప నిమిరిన చెయ్యి

ముందే చెబుతున్నా, నవ్వకూడదు. మొన్న ఆదివారం నేను మా అమ్మాయిని ప్రేమగా దగ్గరికి తీసుకున్నా. అంతే! పిల్లని కొట్టానని వీధి వీధంతా గొడవ!

మా హారిక ఇంటర్ ఫస్టియర్. నెలరోజులుగా నాతో మాటల్లేవు. అలిగిందా అంటే అదీ కాదు, మానేసిందంతే. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, "అమ్మా, రేపు కాలేజీలో పేరెంట్స్ మీటింగ్ అని నాన్నకి చెప్పు" అంటుంది! కన్నకూతురికి నేనింత పరాయివాణ్ని అయిపోయానా అని లోపల ఒకటే బాధ. పైకి మాత్రం, "ఏం, నాకు చెవుల్లేవా?" అని అరిచేవాణ్ని.

మీటింగ్‌లో మేడమ్ గారు చెప్పారు. "అరవకండి సార్. రోజుకోసారైనా పక్కన కూర్చోండి. తల నిమరండి, చెంప నిమరండి. వాళ్లే మాట్లాడతారు." ఆ మాట బుర్రలో గట్టిగా పెట్టుకున్నా. అదే కొంప ముంచింది.

ఆదివారం పొద్దుటినుంచీ కల్లంలోనే ఉన్నా. ఆరబోసిన తేజ మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ కూర్చున్నా. మధ్యాహ్నం ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నా. నిజం, రెండుసార్లు! కానీ ఆ ఘాటు సబ్బుకి పోతుందా? ముప్పై ఏళ్లుగా కాయ పట్టుకున్న చేతులు, నాకేమో మంట తెలియదు. తెలియదు కాబట్టి గుర్తూ రాలేదు.

హారిక వరండాలో చదువుకుంటోంది. వెళ్లి పక్కన కూర్చున్నా. బిత్తరపోయి చూసింది. "ఏమ్మా..." అంటూ రెండు చెంపలూ అరచేతుల్లోకి తీసుకుని నిమిరా. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అబ్బ, మేడమ్ గారు చెప్పింది నిజమే అనుకున్నా. ఆ నీళ్లు కూడా వేళ్లతో శుభ్రంగా తుడిచా!

"అమ్మో, మంట! అమ్మా, నాన్న కళ్లల్లో కారం కొట్టాడు!"

పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసింది. "ఏరా శ్రీనూ! ఎదిగిన పిల్ల మీద చెయ్యి చేసుకుంటావా?"

"కొట్టలేదు పిన్నీ, నిమిరా!"

"నిమిరితే ఇట్టా అరుస్తారంట్రా ఎవరైనా?"

మా ఆవిడ పరిగెత్తుకొచ్చి నా చేతులు వాసన చూసింది. "కల్లంలోంచి వచ్చి పిల్ల మొహం పట్టుకుంటారా అండీ? బుద్ధుందా అసలు?" పిల్లకి మొహం కడిగి, మంచం మీద పడుకోబెట్టి, మజ్జిగలో తడిపిన గుడ్డ కళ్ల మీద వేసింది. నేను పక్కనే దొంగలా నిలబడ్డా.

అప్పుడు పిల్ల నోరు తెరిచింది.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"నాకు లెక్కలు ఎక్కట్లేదు. ఎంపీసీ వద్దు, సీఈసీకి మారతా. నెల నుంచీ చెబుదామనుకుంటున్నా. నీ మొహం చూస్తే నోరు పెగలట్లేదు. ఇప్పుడు కనపడట్లేదుగా, అందుకే చెప్పేశా."

ఎంపీసీ పోతే పోయింది. నా మొహం కనపడకపోతేనే నా బిడ్డకి మాట వస్తోందా! చేత్తో కళ్లు తుడుచుకున్నా. అవును, ఆ చేత్తోనే! ముప్పై ఏళ్ల అలవాటంతా చేతులకే, కళ్లకి లేదని అప్పుడు తెలిసింది.

మా ఆవిడ ఇంకో గుడ్డ తడిపి తెచ్చింది. తండ్రీకూతుళ్లం పక్కపక్క మంచాల మీద, కళ్ల మీద మజ్జిగ గుడ్డలతో పడుకున్నాం. గంటసేపు చెప్పింది పిల్ల. కాలేజీ, క్లాసులో అర్థంకాక ఏడ్చిన రోజులు, అన్నీ. అరవడానికి నాకు ఓపిక లేదు, లేచిపోదామంటే దారి కనపడదు. చచ్చినట్టు విన్నా. చివరికి, "సరేలేమ్మా, మారదువుగాని" అన్నా. గుడ్డ తియ్యకుండానే తడుముకుని నా చెయ్యి పట్టుకోబోయి, వేళ్లు తగలగానే టక్కున వెనక్కి లాక్కుంది!

నిన్న మేడమ్ గారు ఫోన్ చేశారు. "హారికలో ఎంత మార్పండీ! ఏం చేశారో మిగతా పేరెంట్స్‌కి కూడా చెప్పాలి మీరు."

"మీరు చెప్పినట్టే చెంప నిమిరానండీ" అన్నా. ఏ చేత్తో నిమిరానో మాత్రం చెప్పలేదు.