గోడవైపు తిప్పిన సెట్టు

మా బాపు గొంతు తొమ్మిది రోజులుగా రేడియోలో వినిపించడం లేదన్న కబురు నాకు మొదట చెప్పింది ధర్మపురి తమ్ముడు. తమ్ముడని పిలవడమే గానీ అప్పటికి అతని ముఖం నేను చూడలేదు. ధర్మపురిలో నర్సింహస్వామి గుడికి పోయే తోవలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం అతనిది. బాపులాగే అతనికీ హ్యామ్ రేడియో లైసెన్సు ఉంది.

"అక్కా, కాక పానం మంచిగున్నదా?" అన్నాడు ఫోన్లో.

"మంచిగనే ఉన్నడు తమ్మీ. చాయ్ తాగి పేపర్ చదువుతుండు. ఎందుకు?"

"తొమ్మిది దినాలాయె, పొద్దున హాజరు పిలుస్తలేడు. ఊరికి పోయిండేమో అనుకున్నం. అందరు పరేషాన్ అయితున్నరు."

ఆ తొమ్మిది రోజులూ, ఆదివారం తప్ప, బాపు పొద్దున ఆరున్నరకు ఇస్త్రీ అంగీ తొడుక్కొని మేడమీది గదికి పోతూనే ఉన్నాడు. ఏడు దాటాక దిగి వస్తే, "అందరు ఏమంటున్నరు బాపూ?" అని నేను అడిగేదాన్ని. "బాగనే ఉన్నరు" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

ఈ రేడియో సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పరీక్ష రాసి సర్కారు లైసెన్సు తీసుకున్నవాళ్లు ఇంట్లో ఒక సెట్టు పెట్టుకొని, డాబా మీద తీగ కట్టుకొని, తమలాంటి వాళ్లతో మాట్లాడుకోవచ్చు. పెద్దపల్లి, ధర్మపురి, నిర్మల్, బోథ్ వైపు నుంచి ఓ పది పన్నెండు మంది రోజూ పొద్దున ఒకచోట కలుస్తారు. ఒకరు అందరినీ వరసగా పిలవాలి. పిలిచినవాళ్లు పలికి, ఆఖరున లైసెన్సుతో ఇచ్చిన గుర్తు పేరు, కాల్‌సైన్, చెప్పాలి. ఆ పిలుపు ఏళ్లుగా మా బాపుది. ఎవరైనా పలకడం ఆలస్యమైతే "జర థాంబ్" అంటాడు. కాస్త ఆగు అని. బోథ్ అంగడిలో మరాఠీ మాట్లాడే వాళ్ల దగ్గర పట్టిన మాట అది, కరీంనగర్ వచ్చి ఇన్నేళ్లయినా పోలేదు.

బోథ్ వైపు అడవుల్లో బాపు అటవీ శాఖ వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేశాడు. ఏడాదికో చోటికి బదిలీ. బడి దూరం. అందుకని నా బడి మా ఇంట్లోనే జరిగింది. అక్షరాలు బాపు నేర్పాడు, అక్షరాలు వచ్చాక బైబిలు చదవడం అవ్వ, అంటే మా అమ్మ, నేర్పింది. తీగలకు సీసం పెట్టి అతికించడం మళ్లీ బాపే. బడిపిల్లలను చూసి ఏడ్చిన రోజులు ఉన్నాయి. ఇప్పుడు ఆలోచిస్తే, నాలాగా నేర్చుకునే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది అనిపిస్తుంది. ఒక్కటి మాత్రం బాపు ఎన్నడూ ఒప్పుకోలేదు. మైకు ముట్టనివ్వలేదు. "లైసెన్సు లేని గొంతు గాలిలకు పోవద్దు బిడ్డా" అనేవాడు. సెట్టు మీద దేవుని మాట, రాజకీయం మాట, వ్యాపారం మాట కూడా వద్దనేవాడు. ఆదివారం చర్చి గుడి వదిలిపెట్టని మనిషి, రేడియోలో "ప్రభువు దయ" అన్న మాట కూడా అనడు.

మర్నాడు పొద్దున చాయ్ తీసుకొని మేడెక్కాను. తలుపు సందులోంచి చూశాను. బాపు హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చున్నాడు. కుడిచేయి మైకు దాకా వచ్చింది. మైకు పట్టుకుంటే దాని పక్కనున్న మీట నొక్కి ఉంచాలి. అది నొక్కి ఉన్నంతసేపే మన మాట బయటికి పోతుంది. బాపు వేలు ఆ మీట మీద నిలవడం లేదు. వణుకుతోంది. మాట బయటికి పోయేటప్పుడు వెలిగే ఎర్రలైటు వెలుగుతోంది, ఆరుతోంది. మైకు పెట్టేసి, స్టేషను పట్టే పెద్ద చక్రం తిప్పబోయాడు. ఆ చక్రమూ చేతిలో నిలవలేదు, గొంతులు వచ్చి దాటిపోయాయి. ఎలాగో మళ్లీ ఆ గొంతుల దగ్గరికే తెచ్చి, కుడిచేతిని ఎడమచేతితో ఒళ్లో అదిమిపట్టుకొని, వాళ్ల మాటలు వింటూ కూర్చున్నాడు.

చాయ్ తీసుకొని చప్పుడు కాకుండా కిందికి దిగాను.

ఆ సాయంత్రం బాపే అన్నాడు. "బిడ్డా, గా సెట్టు మన గుంపుల పెద్దపల్లి సారుకు ఇచ్చేద్దామనుకుంటున్న. ఈ నెల దాటినంక."

"ఎందుకు బాపూ?"

"ఎన్ని దినాలు మాట్లాడుత? చాలు తీయ్."

బాపు చాలు అనడం నేను వినడం అదే మొదటిసారి. అవ్వ పోయినప్పుడు కూడా నాలుగో రోజుకు ఆ గదిలోకి పోయినవాడు. ఆ గొంతులే బాపును ఒడ్డుకు చేర్చాయి. అవి పోతే ఏమవుతాడో తలచుకోవడానికి భయమేసింది.

ధర్మపురికి ఫోన్ చేశాను. వణుకు సంగతి చెప్పలేదు. బాపు దాచుకున్నది నేను బయటపెట్టడం బాగుండదు. "చక్రం తిప్పుడు కష్టమైతుంది తమ్మీ, వేరే ఏమన్న ఉపాయం ఉన్నదా?" అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ప్రభువు క్షమించాడనే అనుకుంటున్నాను.

"ఉన్నదక్కా. సెట్టు ఎనుకపొంటి తొమ్మిది పిన్నుల సాకెట్ ఉంటది చూడు. అక్కడి నుంచి నీ ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెడితే, సెట్టును కీబోర్డు మీదనే నడిపియ్యొచ్చు. చక్రం ముట్టే పని లేదు. మాట్లాడుటానికి గూడ ఒక్కసారి నొక్కుడు, అయిపోయినంక ఇంకోసారి నొక్కుడు. గంతే."

నొక్కి పట్టుకునే పని లేదన్న మాట విని, ఫోన్ చెవి దగ్గరుండగానే కళ్లు మూసుకొని స్తోత్రం చెప్పుకున్నాను. రెండో రోజుకు కేబుల్ వచ్చింది. ధర్మపురి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు.

బాపుకు తెలియకుండా చేయాలనుకున్నాను. పని కాకపోతే ఇంకోసారి ఆయన మనసు విరగొద్దు. ఆదివారం పొద్దున హాజరు పెద్దపల్లి సారుకు అప్పగించి బాపు మొదటి ఆరాధనకు పోతాడు, నేను రెండోదానికి పోతాను. మధ్యలో దొరికే సమయం నాది. మొదటి ఆదివారం ఏమీ కాలేదు. నేను తెలుగు టైపింగ్ చేసుకునే ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం తెరిస్తే అన్నీ సున్నాలే కనిపించాయి. ఫోన్లో ధర్మపురి తమ్ముడు నవ్వాడు. "సెట్టు ఒక స్పీడ్ మీద మాట్లాడుతుంది, కంప్యూటర్ ఇంకో స్పీడ్ మీద. ఇద్దరు మొగడు పెండ్లాల లెక్క ఎవరి మాట వాళ్లే మాట్లాడుతున్నరు. రెండిటికి ఒక్కటే స్పీడ్ పెట్టు."

రెండో ఆదివారం సెట్టు మెనూలో వేగం మార్చాను. సాకెట్టు వెనుక ఉంది కాబట్టి సెట్టును గోడవైపు తిప్పి కేబుల్ బిగించాను. మైకు బల్ల మీదే ఉంది. లోపల పెద్దపల్లి సారు హాజరు పిలుస్తున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ప్రోగ్రాం తెరిచాను. తెర మీద సున్నాల బదులు అంకెలు వచ్చాయి. సెట్టు ఏ అంకె మీద ఉందో అదే అంకె! అదే క్షణంలో లోపలి గొంతులు ఆగిపోయాయి. హాజరు అయిపోయింది కాబోలు, ప్రార్థనకు మంచి నిశ్శబ్దం దొరికింది అనుకున్నాను.

బల్ల ముందే మోకరించాను. నేను ప్రార్థన పైకే చేస్తాను, అవ్వ అలా నేర్పింది. తండ్రీ నీకు స్తోత్రం అన్నాను. మా బాపు చేయి వణుకుతోంది, ఎవరికీ చెప్పుకోలేక ఇన్ని రోజులు మూగవాడిలా సెట్టు ముందు కూర్చున్నాడు, సెట్టు ఇచ్చేస్తానంటున్నాడు, ఆయన గొంతు ఆయనకు తిరిగి ఇవ్వు, ఆ గుంపులోని ఒక్కొక్కరినీ చల్లగా చూడు అన్నాను. మధ్యలో ఫోన్ మోగింది. ప్రార్థనలో ఫోన్ ఎత్తే అలవాటు నాకు లేదు. మళ్లీ మోగింది. ఆమేన్ అన్నాకే ఎత్తాను.

"అక్కా! కేబుల్ పీకు! ముందు పీకు, అటెనుక మాట్లాడు!" ధర్మపురి తమ్ముడు అరుస్తున్నాడు.

పీకాను. లోపలి గొంతులు ఒక్కసారిగా తిరిగి వచ్చాయి. సెట్టును ఇటు తిప్పాక నాకు అర్థమైంది. ఎర్రలైటు ఇంతసేపూ గోడకు వెలిగింది. అప్పుడు ఆగిపోయింది హాజరు కాదు. మా సెట్టు మాట్లాడడం మొదలుపెట్టింది, అందుకే వినడం మానేసింది.

"మొత్తం విన్నరా తమ్మీ?"

"మొత్తం విన్నమక్కా. ఒక్కరు గూడ నడుమ మాట్లాడలే. నువ్వు ఆమేన్ అన్నంక పెద్దపల్లి సారు గూడ ఆమేన్ అన్నడు. నామాలు పెట్టుకొని కూసున్న మనిషి!" నవ్వబోయి ఆగాడు. "కాక చెయ్యి సంగతి మాకెందుకు చెప్పలే అక్కా? మేం పరాయోళ్లమా?"

నేను ఏడుస్తున్నానని అతనికి తెలిసిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "నర్సింహస్వామిని నా కోసం నేను రోజు అడుగుత. అయినా నువ్వు అడిగినట్టు నాకు అడుగ వస్తలేదు. నా కుడికన్ను మసకబారుతుందక్కా. సన్న పని చేసెటోన్ని. మీ ప్రభువుకు ఒక మాట నా గురించి గూడ చెప్పరాదు? సెట్టు బందు చేసినంకనే చెప్పు మల్ల!"

బాపు గుడి నుంచి వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను. రాగానే చెప్పేశాను. కేబుల్, సున్నాలు, ప్రార్థన, అన్నీ. ఏ ఒక్కటీ దాచలేదు. బాపు కీర్తనల పుస్తకం చేతిలోనే పట్టుకొని నిలబడి విన్నాడు.

"ఎంతసేపు చేసినవు?"

"మూడు నిమిషాలు ఉంటది బాపూ."

"ఆఖర్ల కాల్‌సైన్ చెప్పినవా?"

"లేదు. ఆమేన్ చెప్పిన."

బాపు నా వైపు చూశాడు. కోపమో కాదో తెలియలేదు. మేడెక్కి లాగ్‌బుక్ తీశాడు. సెట్టు మీద జరిగిన ప్రతి మాటకూ అందులో ఒక వరస రాయడం ఆయన నియమం. దాదాపు మూడు వారాలుగా ఆ పుస్తకం తెరవలేదు. పెన్ను పట్టుకుంటే వంకర గీతలు పడ్డాయి. నేను రాస్తానంటే వద్దన్నాడు. చాలాసేపు పట్టింది. సమయం రాశాడు, పక్కన ఇలా రాశాడు: బిడ్డ ప్రార్థన. పొరపాటున.

"ఇగ అందరికి తెలిసె" అన్నాడు పెన్ను మూస్తూ. "దాచుడు తప్పింది. మంచిదే అయింది తీయ్." కాసేపటికి కేబుల్ చేతిలోకి తీసుకొని ఇటూ అటూ తిప్పాడు. "ప్రోగ్రాం తెరవంగనే సెట్టు ఎందుకు మాట్లాడె? ఆలోచించినవా?"

చిన్నప్పుడు బోథ్‌లో లెక్కలు అడిగిన గొంతు అది. తెలియదన్నాను.

"ఈ కేబుల్ల ఒక తీగ ఉంటది. ప్రోగ్రాం తెరవంగనే కంప్యూటర్ ఆ తీగను లేపుతుంది. సెట్టేమో, ఎవరో మైకు మీట నొక్కిండ్రు అనుకుంటుంది. ఆ తీగను లేపొద్దని ప్రోగ్రాంలనే చెప్పాలె. ఎక్కడుంటదో చూడు."

వెతికాను. ఒక చిన్న డబ్బాలో టిక్కు ఉంది. తీసేశాను. ఈసారి సెట్టు ముఖం మా వైపే పెట్టి, ప్రోగ్రాం తెరిచాము. ఎర్రలైటు వెలగలేదు. గొంతులు ఆగలేదు. ఆ పూట నేను రెండో ఆరాధనకు కూడా పోలేదు. ఎందుకు రాలేదని సంఘంలో అడిగితే ఇంట్లోనే అయింది అన్నాను.

ఒక్క చిక్కు మిగిలింది. వేలు వణికి కీబోర్డు మీద ఒకే మీటను రెండుసార్లు తాకితే, మాట మొదలై వెంటనే ఆగిపోతోంది. వెంటవెంటనే పడే నొక్కులను ఒక్కటిగానే తీసుకొనే ఏర్పాటు ల్యాప్‌టాప్‌లోనే ఉంది. వణికే చేతుల వాళ్ల కోసమే దాన్ని పెట్టారట. ఎక్కడి మనుషులో, ఎన్నడూ చూడని మా బాపు చేతి గురించి ముందే ఆలోచించారు. వాళ్లకూ స్తోత్రం చెప్పుకున్నాను, మనసులోనే.

సోమవారం ఆరున్నరకు బాపు ఇస్త్రీ అంగీతో కూర్చున్నాడు. మైకును చిన్న స్టాండుకు తగిలించాను. బాపు ల్యాప్‌టాప్ మీద ఒక్కసారి మీట నొక్కాడు. ఎర్రలైటు వెలిగి, అలాగే ఉండిపోయింది.

"అందరికి నమస్తే" అన్నాడు. కాల్‌సైన్ చెప్పాడు. ఇంకోసారి నొక్కాడు.

అవతల పెద్దపల్లి సారు అందుకున్నాడు. "వచ్చినవా? నీ కుర్చీల నువ్వు కూసో ఇగ. ఇన్ని దినాలు పిలిచి పిలిచి నా గొంతు ఎండింది. నిన్నొచ్చిన పాస్టరమ్మ ఏది?"

"ఆమెకు లైసెన్సు లేదు" అన్నాడు బాపు. "పరీక్షకు చదువుతుంది."

ఆ సంగతి నాకే అప్పుడు తెలిసింది. ఇప్పుడు రోజూ చదువుతున్నాను.

చేయి వణుకు తగ్గలేదు. నేను అడిగింది గొంతు, అది ఇచ్చాడు. నాకు చాలు. బాపు రోజూ పిలుస్తున్నాడు, ఒక్కొక్కరు పలుకుతున్నారు. మొదటి పిలుపు ధర్మపురిది. తన గొంతు వినబడటం లేదని ముందుగా అడిగినవాడిని ముందుగా పిలవాలని బాపు పెట్టుకున్న వరస.

పోయిన వారం నుంచి ఆ పిలుపుకు జవాబు లేదు. ఎందుకో మా అందరికీ తెలుసు. కుడికంటికి ఆపరేషన్ అయింది, కట్టు ఇంకా విప్పలేదు. ఎడమ కన్ను కూడా చూడాలన్నారట డాక్టర్లు. తెలిసినా బాపు అతన్ని దాటేసి పోడు. రోజూ ధర్మపురి అని పిలుస్తాడు, మీట నొక్కి ఆగుతాడు. గరగర తప్ప ఏమీ రాదు. "జర థాంబ్" అని ఇంకోసారి పిలుస్తాడు. ఆ తర్వాతే పెద్దపల్లి.

ఇది చదివే మీరు మోకరించేవారైనా, దీపం పెట్టేవారైనా, రేపు పొద్దున ఆ సమయంలో మా ధర్మపురి తమ్ముణ్ని ఒక్కసారి యాది చేసుకోండి.