బాలస్వామి గీసిన గీత

గీత ఆలస్యంగా గీశానని బాలస్వామి ఆ రోజు చెప్పింది నిజమా, అబద్ధమా?

రెండేళ్లుగా ఈ ప్రశ్న నాతోనే లేస్తోంది, నాతోనే పడుకుంటోంది. అడిగి తెలుసుకుందామంటే ఆయనేమీ దేశాలు పట్టి పోలేదు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు ఎక్కడుండాలో అక్కడే ఉంది. నంద్యాలలో నేనూ ఉన్నాను. మధ్యలో నలభై కిలోమీటర్లు, అరగంటకో బస్సు. ఒకసారి బయలుదేరి, బస్సులో జనం ఎక్కువయ్యారని శిరివెళ్లలో దిగిపోయాను. రెండోసారి బస్సు ఖాళీగా వచ్చింది. మధ్యలో దిగిపోవడానికి సాకు దొరకదని అసలు ఎక్కనే లేదు.

నేనెలాంటి మనిషినో ముందే చెప్పడం మంచిది. ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేశాను. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాను. అది కాలేజీ నియమమని పిల్లలు అనుకునేవారు. నిజానికి అది నా మొర. నలుగురు ఒకేసారి మాట్లాడితే నాకు చెమటలు పడతాయి. పెళ్లికి వెళితే బాజాలు ఆగేదాకా మండపం బయట చెప్పుల దగ్గర నిలబడతాను. అలా నిలబడినందుకు ఒక పెళ్లిలో ఎవరో పెద్దమనిషి తన చెప్పులు నాకు అప్పజెప్పి, టోకెన్ ఇవ్వమన్నాడు. లేదనడానికి మొహమాటపడి ఆయన భోంచేసి వచ్చేదాకా కాపలా కాశాను.

ఆటలంటే ఇష్టం లేకపోతే గొడవ లేదు. ఇష్టమే ఎక్కువ. పేపరు రాగానే ఆటల పేజీ చదివాకే మిగతా లోకం సంగతి. కానీ టీవీలో క్రికెట్ చివరి ఓవరుకి వస్తే నేను పెరట్లో ఉంటాను. వీధిలో కేకలు వినపడితే గెలిచామని, తిట్లు వినపడితే ఓడామని తెలుసుకుంటాను. ఇన్నేళ్ల ప్రపంచకప్పులన్నీ కరివేపాకు చెట్టు పక్కన నిలబడి విన్నవాడిని నేను.

ఇలాంటివాడికి స్నేహితుడు కూడా తగినవాడే దొరికాడు. కాలేజీలో కొత్త గదులు కట్టినప్పుడు శిలాఫలకం చెక్కే పని బాలస్వామికి ఇచ్చారు. ఆళ్లగడ్డలో దేవుళ్ల విగ్రహాలు చెక్కేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆయనది అక్షరాల పని. ప్రారంభోత్సవాల పేర్లు, దాతల పేర్లు, సమాధి రాళ్ల మీద పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఫలకం మీద పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూపించుకోవడానికి కాగితం పట్టుకుని లైబ్రరీకి వచ్చాడు. పని అయిపోయాక కూడా లేవలేదు.

“ఏ పుస్తకం కావాల?” అన్నాను.

“పుస్తకం ఒద్దు సార్. ఈడ సల్లగా ఉండాది. రోంతసేపు కూచ్చుంటా.”

చల్లదనం ఫ్యానుది కాదని నాకు వెంటనే తెలిసింది. ఆయన షెడ్డుకు అటూ ఇటూ రాళ్లు కోసే మిషన్లు వచ్చేశాయి. ఉలీ సుత్తీ పట్టుకుని ఆ మోత మధ్య కూర్చోవడం ఆయనకు నరకం. భార్య కృపమ్మ రోజూ అన్నం డబ్బా మూతలో రెండు దూది ఉండలు పెట్టి పంపుతుంది. అన్నం మరిచిపోయిన రోజులున్నాయి గానీ దూది మరిచిపోయిన రోజు లేదని ఆమే నాతో అంది. “ఈయప్ప చెవుల్లో నుంచి దూది తీసేది నిద్రపోయేటప్పుడూ, ప్రార్థనప్పుడే సార్. నేను తిడతాంటే మాత్రం ఇంగో రోంత దూది అడుగుతాడు.”

ఆయన చెక్కిన అక్షరాల్లో ముప్పై ఏళ్లలో ఒక్క తప్పు పోలేదు. ఎలా సాధ్యమని అడిగితే, “రాయి మీద రబ్బరు పని చెయ్యదు గదా సార్” అన్నాడు. మార్కెట్లో, మసీదు దగ్గర, చర్చిలో ఆయన పేరు చెప్పగానే జనం అనే మాట ఒకటే, బాలస్వామి గీస్తే గీసినట్టే అని. పొగడ్త వినపడితే మాత్రం చెవిలో దూది సర్దుకునేవాడు.

మా ఇద్దరి సుఖాలు చాలా చిన్నవి. నెలకోసారి నేను ఆళ్లగడ్డ వెళ్లేవాణ్ణి. పదిన్నరకు, జనమంతా తిని పోయాక, హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ. అప్పటికి ఉగ్గాని అడుగుకు చేరి ఉండేది, బజ్జీలు చల్లారి మెత్తబడి ఉండేవి. హోటలామె విసుక్కునేది. “ఏందప్పా మీరు, ఎవురన్నా యేడిగా ఉన్నెప్పుడు తింటారు గానీ, మీరు సల్లారినంక వస్తారే!” ఆ మెత్తటి బజ్జీలంత రుచి నేను ఇంకెక్కడా ఎరగను. ఎదురు బల్ల ఖాళీగా ఉండటమే దాని రుచి అనుకుంటాను. తర్వాత టీ. తర్వాత ఆయన నన్ను బస్టాండు దాకా దిగబెట్టేవాడు. ఊరికి పోయేది నేనైనా “పోయొస్తా సార్” అని ఆయనే అనేవాడు. టీ కొట్టు దగ్గర ఒకసారి, బస్సు మెట్టు దగ్గర ఒకసారి, కిటికీ దగ్గర ఇంకోసారి. మూడూ అయితేగానీ నాకు ఊరు వదిలినట్టు ఉండేది కాదు.

పోటీల్లో మేము పెద్దమనుషులమైన వైనం కూడా చెప్పాలి. అది కూడా పారిపోవడంలో భాగమే. ఎనిమిదేళ్ల కిందట ఆళ్లగడ్డ దగ్గర ఒక ఊళ్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెట్టారు. పెద్ద రాతిబండను ఎద్దుల జత ఇరవై నిమిషాల్లో ఎంత దూరం లాగితే అంత. చదును చేసిన పొలంలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు లాగిస్తారు. టైమవగానే విజిల్. ఆ క్షణాన బండ ఎక్కడుందో అక్కడ సుద్దతో గీత గీసి, టేపుతో కొలుస్తారు.

“పోదామా సార్?” అన్నాడు.

“పోదాం” అన్నాను.

ఒకరి కోసం ఒకరం ధైర్యం నటించాం. ఐదు నిమిషాలకు మించి అది నిలవలేదు. వెనక నుంచి తోపులాట, చెవి పక్కన ఈలలు, నెత్తిన లౌడ్‌స్పీకరు. నాకు కళ్లు బైర్లు కమ్మాయి. బాలస్వామి నా మోచెయ్యి పట్టుకుని, “సార్, ఆడ చూడు” అన్నాడు. తాడు అవతల, ఎద్దులు నడిచే దారి పక్కన, మనిషన్నవాడు లేడు. అన్ని వేలమందిలో ఖాళీ చోటు అదొక్కటే. ఇద్దరం తాడు కింద దూరాం.

“ఎవుర్రా లోపల!” అని మైకు గర్జించింది. మైకు పట్టుకున్నది ప్రేమ్ సాగర్. ఆ చుట్టుపక్కల ఏ పోటీ జరిగినా మాటలు చెప్పేది అతనే. గుర్తుపట్టగానే గొంతు మార్చాడు. “ఓ, రాళ్ల బాలస్వామన్నా! గీత గీసేకి వచ్చినావా? గీసేటోడు పొద్దున్నుంచీ కనపళ్లేదు, మంచిపని చేస్తివి. ఈయనెవురు, తోడా? చేతికి గడియారం ఉండాది గదా, టయిం చూస్తాడులే!”

అలా భయపడి పారిపోయి, అధికారులమైపోయాం. తర్వాత ప్రతి ఏడూ పిలిచారు. ఏ ఎద్దులకూ అరవని మనుషులు ఆ ప్రాంతంలో మేమిద్దరమే కాబట్టి. నాకు స్టాప్ వాచీ, విజిలూ, కుర్చీ ఇచ్చారు. ఆయనకు సుద్దపిండి డబ్బా ఇచ్చారు. దూది పెట్టుకున్న చెవులకు విజిల్ వినపడేది కాదు కనుక, విజిల్ ఊదుతూనే నేను చేతిలోని ఎర్ర తువ్వాలు కిందికి వదిలేలా ఒప్పందం చేసుకున్నాం. అందుకే చివరి నిమిషంలో లోకమంతా ఎద్దుల్ని చూస్తుంటే, ఆయన ఒక్కడు నన్ను చూస్తుండేవాడు. ఆ గీత దగ్గరి ఖాళీ చోటు లేకపోతే, పోటీ చూసే చోటు ఆయనకు ఇంకోటి లేదు. “ఏడాదికి ఈ ఒక్క దినం సార్, నేను గూడా జనంలో ఉన్యా అనిపిస్తాది. ఎవురూ తగలకుండా” అన్నాడు ఒకసారి.

రెండేళ్ల కిందటి పోటీ రోజు. అప్పటికి నందికొట్కూరు జత అందరికంటే ముందుంది. చివరి జత పుల్లయ్యది. పుల్లయ్య తన ఎద్దుల్ని పిల్లల్లా పెంచిన రైతు. వేసవిలో వాటికి తడిగోనె కప్పి తను ఎండలో నిలబడేవాడని అందరూ చెప్పుకునేవారు. పదిహేను నిమిషాల వరకు ఆయన ఎద్దులు బాగా వెనకబడి ఉన్నాయి. తర్వాత ఏమైందో, ఎడమవైపు ఎద్దు మెడ దించి ఒక్క ఊపు ఊపింది. దాని వెంట రెండోది. బండ కింద మట్టి పొడిలా లేచింది. ప్రేమ్ సాగర్ గొంతు చీలిపోయింది. జనం లేచి నిలబడ్డారు.

నేను పెరట్లోకి వెళ్లాల్సిన సమయం అది. ఆ పొలంలో పెరడు లేదు. అందుకే కాబోలు, జీవితంలో మొదటిసారి చివరి ఓవరు చూశాను. చూడటమేమిటి, ఎప్పుడు ఎక్కానో తెలియదు, కుర్చీ మీద నిలబడి ఉన్నాను. ఎర్ర తువ్వాలు గిరగిరా తిప్పుతూ “హెయ్! హెయ్! ఇంగో రోంత! ఇంగో రోంత!” అని అరుస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల్ని నోరు మూయించిన గొంతు అది. గుండె దడ లేదు, చెమట లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత చేతిలో వాచీ గుర్తొచ్చింది. ఇరవై నిమిషాల ఏడు సెకన్లు.

విజిల్ ఊదాను. తువ్వాలు వదిలాను. బాలస్వామి వంగి గీత గీశాడు. కొలిచారు. నందికొట్కూరు జతకంటే పుల్లయ్య ఎద్దులు తొమ్మిది అడుగులు ఎక్కువ లాగాయి.

జనం పుల్లయ్యను భుజాల మీదికి ఎత్తుకుంటుండగానే నందికొట్కూరు మనిషి ఒకడు సెల్‌ఫోన్ ఎత్తిపట్టుకుని తాడు దాటి వచ్చాడు. “యాడయ్యా న్యాయం? టయిం అయిపోయినంక గూడా బండ నడిచింది! మొదట్నుంచీ వీడియో ఉండాది, చూస్కోండి!” చూశారు. అతను చెప్పింది నిజమే. ఆ అరుపుల్లో విజిల్ ఎప్పుడు పడిందో వీడియోలో వినపడలేదు, అక్కడున్న ఎవరికీ సరిగా తెలియదు. అంటే విజిలన్నా ఆలస్యం కావాలి, గీతన్నా ఆలస్యం కావాలి.

ప్రేమ్ సాగర్ వచ్చి మైకు నా మూతి ముందు పెట్టాడు. “చెప్పు సార్, టయానికే ఊదినావా లేదా?”

నేను చెప్పబోయాను. చెప్పబోయానని ఇప్పుడు రాసుకుంటున్నాను గానీ, నిజానికి నోరు తెరిచాను, అంతే. “అది…” అన్నాను. ఆ “అది” నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి వెళ్లి, పొలం దాటి, తిరిగి నా దగ్గరికే వచ్చింది. వేల ముఖాలు నావైపు తిరిగాయి. కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు బాలస్వామి సుద్ద డబ్బా కింద పెట్టి వచ్చాడు. రెండు చెవుల్లోంచి దూది తీసి, అరచేతిలో పెట్టుకుని ప్రేమ్ సాగర్‌కు చూపించాడు.

“తప్పు నాదప్పా. సారు ఊదినాడు. నాకు ఇనపళ్లేదు, దూది పెట్టుకున్యా. తువ్వాల గూడా చూడలా. ఎద్దుల్ని చూస్తాంటి. లేటుగా గీస్తి.”

“ఇన్నేండ్లూ దూదితోనే గీసినావాన్నా?” అన్నాడు ప్రేమ్ సాగర్, మైకు ఆపడం మరిచిపోయి. అది ఊరందరికీ వినపడింది. ఎవరో పకపకా నవ్వారు. “చెవిటోని పెట్టుకుని పోటీలు జరుపుతాండారురా!” అని ట్రాక్టరు మీది నుంచి ఒకడు అరిచాడు.

పుల్లయ్య భుజాల మీది నుంచి దిగి వచ్చాడు. తిట్టలేదు. “రాయి మీద తప్పు చెయ్యనోడివి. నా ఎద్దుల కాడ చేస్తివే” అన్నాడు.

బాలస్వామి అరచేతిలోని దూది మీద గుప్పిట మూశాడు. తువ్వాలు తిప్పుతున్న నన్ను ఆయన చూశాడో, ఒక్కసారైనా చూడాలనిపించి నిజంగానే ఎద్దులవైపు తిరిగాడో, నేను చెప్పలేను. ఆ సమయంలో ఆయన ఎటు చూస్తున్నాడో నేను చూడలేదు. నేనూ ఎద్దుల్నే చూస్తున్నాను కదా.

కమిటీ పెద్దలు పక్కకు వెళ్లి మాట్లాడుకుని, మొదటి బహుమతీ రెండో బహుమతీ కలిపి రెండు జతలకూ సమానమన్నారు. గొడవ చల్లారింది. వాళ్లలో ఒకాయన పోతూ పోతూ, “బాలస్వామీ, మళ్లేటికి నువ్వు తాడు బయటే నిలబడు నాయనా” అన్నాడు. మెత్తగానే అన్నాడు. నా వైపు తిరిగి, “మీరు మాత్రం తప్పకుండా రావాల సార్” అన్నాడు. నేను తలూపాను. ఏ మనిషైనా ఆ తల ఎలా ఊపగలడో నాకిప్పటికీ ఆశ్చర్యమే, ఊపింది నేనే అయినా.

జనం తాడు తెంచుకుని లోపలికి వచ్చేశారు. మా ఖాళీ చోటు నిండిపోయింది. బాలస్వామి నా బల్ల దగ్గరికి వచ్చాడు. టీకి పిలుస్తాడనుకున్నాను. “ఇదిగో, వాచీ…” అని ఏదో మొదలుపెట్టాను. ఆయన దూది ఉండలు రెండూ బల్ల మీద, స్టాప్ వాచీ పక్కన పెట్టాడు. వంగి చెప్పులు తొడుక్కున్నాడు. అన్నం డబ్బా తీసుకున్నాడు.

పక్క నుంచి పోవడానికి గట్టు ఉంది. అటు పోలేదు. డప్పులు, ఈలలు, లౌడ్‌స్పీకర్లు మోగుతున్న ఆ గుంపు మధ్యలోకి, వట్టి చెవులతో, భుజాలు తగిలించుకుంటూ నడిచాడు. తెల్లచొక్కా కొంతదూరం కనిపించింది. బస్సు కిటికీ దగ్గర చెప్పే ఆ ‘పోయొస్తా సార్’ కోసం నేను చూస్తూనే ఉన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు.